పన్నెండు పౌన్ల కాగితం

కోలార్. మారికుప్పం చుట్టూ స్టాంపు మిల్లులు రాయిని దంచుతున్నాయి. పగలూ రాత్రీ అదే మోత. ఎర్రటి దుమ్ము గాలిలోనే నిలబడిపోయింది. 1880ల నడిమికి మైసూర్ గనిలో కెప్టెన్ ప్లమర్ ఛాంపియన్ లోడ్ అనే బంగారపు పొరని పట్టుకున్నాడు. ఎవరూ ముట్టని వాటాలకి ఒక్కసారిగా రెక్కలొచ్చాయి. దక్కను రాయి కింద ఏముందో లండన్‌కి తెలిసిపోయింది. ఇక చూపు పొరుగు సంస్థానం మీద పడింది.

హైదరాబాద్, 1886. నిజాం మహబూబ్ అలీఖాన్ ఇరవై ఏళ్ళ కుర్రవాడు. ఇల్లెందు దగ్గర బొగ్గుందని జియాలజిస్టు విలియం కింగ్ ఎప్పుడో చెప్పాడు. రాయచూరు వైపు బంగారం ఆశ. ఈ గనుల మీద 99 ఏళ్ళ హక్కు వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళింది. సర్కారు తరఫున బేరమాడింది అబ్దుల్ హక్. పెద్ద అధికారి. నమ్మకస్తుడు. ఆయన తన కోసం ఇంకో బేరం కూడా ఆడాడు.

ఆ గనుల కోసం లండన్‌లో కంపెనీ పుట్టింది. లక్ష వాటాలు, వాటా పది పౌన్లు. అందులో 85 వేలు హక్కుదారులకే, నయాపైసా కట్టకుండా. వాటిలో ఒక పెద్ద పోగు గుట్టుగా అబ్దుల్ హక్ పెట్టెలోకి చేరింది. సరిగ్గా అప్పుడే నిజాం సర్కారు తనకీ కొన్ని వాటాలు కావాలంది, కొనిపెట్టే పని ఆయనకే అప్పజెప్పింది, ఆయనేమో తనకి ఊరికే వచ్చిన కాగితాలనే తీసి, బజారులో కొన్నట్టు చూపించి, ఒక్కోటి 12 పౌన్ల చొప్పున తన సర్కారుకే అంటగట్టి, ఖజానా సొమ్ముని చల్లగా తన ఖాతాలోకి మళ్ళించుకున్నాడు. కానీ లెక్కలు నోరు విప్పాయి.

1888. వెస్ట్‌మిన్‌స్టర్‌లో పార్లమెంటు కమిటీ గది. పొడవాటి బల్ల, కాగితాల కట్టలు. నిజాం పక్షాన ఆయన అధికారి మెహదీ అలీ సముద్రం దాటి వచ్చాడు. ఒక్కో ప్రశ్నకీ ఒక్కో ముడి విడింది. వాటాలు ఎవరివి? ఎవరు ఎవరికి అమ్మారు? ఇచ్చిన చేయి లండన్‌ది. పుచ్చుకున్న చేయి హైదరాబాద్‌ది. అబ్దుల్ హక్ కొలువు పోయింది. డబ్బు కక్కాల్సి వచ్చింది. మరి గనులు?

గనులు కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. 1889లో ఇల్లెందు దగ్గరి సింగరేణి బొగ్గు పైకి రావడం మొదలైంది. చీకట్లో, ఉక్కలో, గునపం పట్టినవాడు ఆ వాటా కాగితాన్ని కంటితో చూడలేదు. దానికి పోసిన 12 పౌన్లలో మాత్రం తెలంగాణ రైతు కట్టిన శిస్తు ఉంది.