పశ్చాత్తాపం, పాపక్షమాపణ: క్రైస్తవ సంఘ చరిత్రలో

క్రైస్తవ బోధలో పశ్చాత్తాపమంటే చేసిన తప్పుకు మనసు నొచ్చుకోవడంతో ఆగదు. తప్పును ఒప్పుకోవడం, దాన్ని విడిచిపెట్టడం, దేవుని వైపు తిరిగి బతుకు మార్చుకోవడం అన్నీ అందులోకే వస్తాయి. తెలుగు ప్రొటెస్టెంట్ సంఘాల్లో దీన్ని ఎక్కువగా మారుమనస్సు అంటారు. కతోలికుల ప్రార్థనల్లో మనస్తాపం అనే మాట వినిపిస్తుంది. అలా తిరిగివచ్చినవారి పాపాన్ని దేవుడు కొట్టివేయడమే పాపక్షమాపణ. అది యేసుక్రీస్తు సిలువ మరణం వల్ల దొరికే ఉచితమైన కృప అన్నదానిలో ప్రధాన శాఖలకు భేదం లేదు. ఆ క్షమ మనిషికి ఎవరి ద్వారా అందుతుంది, ఎన్నిసార్లు అందుతుంది, అందుకున్నవారు ఏం చేయాలి అన్నదగ్గరే దాదాపు రెండు వేల ఏళ్ల వాదం నడిచింది. ఆ వాదంలో పదేపదే మరుగున పడిన ప్రశ్న ఇంకొకటుంది: పాపి దేవునితో సమాధానపడ్డాడు సరే, అతని చేతిలో నష్టపోయినవారి మాటేమిటి?

మూలాలు

ఈ బోధ వేళ్లు యూదు మతంలో ఉన్నాయి. ఊరియాను చంపించి అతని భార్యను చేపట్టిన దావీదు రాజును నాతాను ప్రవక్త నిలదీసిన కథ, యోనా హెచ్చరిక విని నీనెవె పట్టణం గోనెపట్ట కట్టుకున్న కథ, ఏటేటా వచ్చే ప్రాయశ్చిత్త దినం తొలి క్రైస్తవులు చిన్ననాటి నుంచి ఎరిగినవే. క్రీ.శ. 200 ప్రాంతంలో క్రోడీకరించిన మిష్నా అనే యూదు ధర్మగ్రంథం ఈ విషయంలో ఒక గీత గీసింది. దేవుని పట్ల చేసిన పాపాలు ప్రాయశ్చిత్త దినంతో తీరతాయి. తోటి మనిషి పట్ల చేసిన పాపం ఆ మనిషిని శాంతపరిచేదాకా తీరదు. కొండమీది ప్రసంగంలో యేసు చూపిన దారీ ఇదే. బలిపీఠం దగ్గర నిలబడ్డవాడికి తన మీద సహోదరుడికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడాలి.

యొర్దాను ఒడ్డున బాప్తిస్మమిచ్చిన యోహాను మారుమనస్సును ప్రకటించాడు. తమ దగ్గరున్న రెండు అంగీల్లో ఒకటి లేనివారికి ఇవ్వాలని, సుంకరులు నిర్ణయించిన దానికన్నా ఎక్కువ వసూలు చేయకూడదని అతని వద్దకు వచ్చినవారికి చెప్పాడు. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథలో తండ్రి, కొడుకు ఇంకా దూరంగా ఉండగానే పరుగెత్తి కౌగిలించుకుంటాడు. కొడుకు సిద్ధం చేసుకున్న ఒప్పుకోలు పూర్తిగా చెప్పనైనా చెప్పడు. క్షమ పాపి అర్హతను బట్టి వచ్చేది కాదన్న బోధకు ఈ కథ పెట్టని కోట. అదే లూకా సువార్తలో యెరికో సుంకరి జక్కయ్య, యేసు తన ఇంటికి వచ్చాక, ఆస్తిలో సగం పేదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానని లేచి చెబుతాడు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిది ఒక్కటే బోధిస్తే క్షమ తేలికైపోతుంది. రెండోది ఒక్కటే బోధిస్తే అది బేరమైపోతుంది. తర్వాతి చరిత్రలో సంఘం ఒకసారి అటు, ఒకసారి ఇటు ఒరిగింది.

క్షమించడం ఎన్నిసార్లు అని పేతురు అడిగినప్పుడు యేసు లెక్కకు అందని సంఖ్య చెప్పి, పెద్ద అప్పు మాఫీ అయినా తన తోటి దాసుడి చిన్న అప్పును క్షమించని సేవకుడి కథ వినిపించాడు. ఆ పేతురే తర్వాత మూడుసార్లు బొంకి, ఏడ్చి, తిరిగి సంఘానికి కాపరి అయ్యాడు. మరోవైపు హెబ్రీయులకు రాసిన పత్రిక, వెలుగు పొందాక తప్పిపోయినవారిని మళ్లీ నిలబెట్టడం అసాధ్యమని గట్టిగా హెచ్చరిస్తుంది. ఈ రెండు వైపులనూ కలపడం తొలి శతాబ్దాల పెద్దలకు తలకు మించిన పనైంది.

పడిపోయినవారికి రెండో తలుపు

బాప్తిస్మంతో పాపాలన్నీ పోతాయన్నది అందరూ నమ్మిందే. బాప్తిస్మం తర్వాత చేసిన ఘోరపాపాలకు దారేది? రెండో శతాబ్దంలో రోములో పుట్టిన ‘హెర్మాస్ కాపరి’ అనే గ్రంథం ఒక్క అవకాశముందని చెప్పింది. కార్తేజ్‌కు చెందిన టెర్టూలియన్ మొదట దాన్ని ఒప్పుకున్నాడు. తర్వాత కఠినవాదుల వైపు వెళ్లి, వ్యభిచారం వంటి పాపాలను క్షమించే అధికారం బిషప్పులకు లేదని రాశాడు.

250లో డీసియస్ చక్రవర్తి సామ్రాజ్య ప్రజలందరూ రోమన్ దేవతలకు బలి అర్పించాలని ఆజ్ఞాపించాడు. అర్పించినవారికి ధ్రువపత్రాలిచ్చారు, అలాంటివి ఈజిప్టులో పపైరస్ మీద దొరికాయి కూడా. ప్రాణభయంతో చాలామంది క్రైస్తవులు బలి అర్పించారు. కొందరు అధికారులకు లంచమిచ్చి పత్రం మాత్రం సంపాదించుకున్నారు. హింస తగ్గగానే వీరంతా సంఘం తలుపు తట్టారు. చిత్రహింసలు భరించినవారు వీరి తరఫున సిఫారసు ఉత్తరాలు రాసిచ్చారు. కార్తేజ్ బిషప్ సిప్రియన్‌కు ఇది ఇరకాటం: ఉత్తరం చూపగానే చేర్చుకుంటే జైల్లో చనిపోయినవారి త్యాగానికి విలువేముంది? చేర్చుకోకపోతే సంఘం ఎవరికి తల్లి? 251లో అక్కడ కూడిన బిషప్పులు ఒక్కొక్కరి తప్పును విడిగా తూచారు. పత్రం మాత్రమే తీసుకున్నవారిని కొంత తపస్సు తర్వాత చేర్చుకోవాలని, బలి అర్పించినవారికి మరణశయ్య మీద సమాధానం ఇవ్వాలని తీర్మానించారు. మళ్లీ హింస రాబోతోందని తోచినప్పుడు, పోరాటానికి నిలవాల్సినవారిని ఆయుధం లేకుండా పంపకూడదని పశ్చాత్తప్తులందరినీ ముందే చేర్చుకున్నారు. రోములో మతగురువు నొవేషియన్ ఈ మెత్తదనాన్ని ఒప్పుకోక వేరే సంఘం పెట్టాడు. కఠినవాదులను దయలేనివారని తీసిపారేయడం న్యాయం కాదు; విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవారి పట్ల గౌరవమే వారిచేత అలా మాట్లాడించింది. కానీ సంఘం నిలిచింది సిప్రియన్ దారిలో. 325లో నైసియా మహాసభ నొవేషియన్ అనుచరులు తిరిగి రావాలంటే, పడిపోయి తపస్సు చేసినవారితో సహవాసాన్ని ఒప్పుకోవాలని షరతు పెట్టింది.

ఆ కాలపు తపస్సు బహిరంగమైనది. ఘోరపాపం చేసినవారు విడిగా నిలబడేవారు, ప్రభురాత్రి భోజనానికి దూరంగా ఉండేవారు, ఏళ్ల తరబడి ఉపవాసముండేవారు. చివరికి బిషప్ చేతులుంచి చేర్చుకునేవాడు. జీవితంలో ఒక్కసారే ఈ అవకాశం. అందుకే చాలామంది దాన్ని ముసలితనానికి వాయిదా వేసేవారు.

ఈ పద్ధతికి పెద్ద పరీక్ష 390లో వచ్చింది. థెస్సలొనీకలో ఒక సేనానిని గుంపు చంపినందుకు ప్రతీకారంగా థియొడోసియస్ చక్రవర్తి సైనికులు అక్కడ వేలమందిని ఊచకోత కోశారు. మిలాను బిషప్ అంబ్రోస్ చక్రవర్తికి ఉత్తరం రాసి, తపస్సు చేయనిదే ఆయన ముందు ఆరాధన జరపలేనన్నాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసివేసి, అందరి ఎదుటా ఏడ్చి, క్రిస్మస్ నాటికి సహవాసంలోకి వచ్చాడు. గుడి గుమ్మంలో బిషప్ చక్రవర్తిని అడ్డగించాడన్న దృశ్యం తర్వాతి రచయితలు చేర్చింది. ఉత్తరం మాత్రం నేటికీ ఉంది. పాలకుడు హంతకుడైతే అతడూ పాపి వరుసలోనే నిలబడాలని ఒక సంఘం అనగలిగింది. ఆ సంగతి మరిచిపోకూడదు.

సన్యాసుల చిట్టాలు

ఆరో శతాబ్దంలో ఐర్లండ్ మఠాల నుంచి కొత్త పద్ధతి వచ్చింది. పాపాన్ని బహిరంగంగా కాకుండా ఒక గురువుకు రహస్యంగా చెప్పుకోవడం, ఎన్నిసార్లయినా చెప్పుకోవడం, ఒక్కో పాపానికి ముందే నిర్ణయించిన తపస్సు చేయడం. ఫిన్నియన్, కొలంబానస్ వంటివారి పేరిట ఉన్న ప్రాయశ్చిత్త పుస్తకాలు ఇంత పాపానికి ఇన్నేళ్లు రొట్టె, నీళ్లు అని లెక్క కట్టాయి. 589లో స్పెయిన్‌లోని టొలేడో సభ ఇలా మాటిమాటికీ క్షమ అడగడాన్ని ఖండించింది. అయినా ఈ పద్ధతే ఐరోపా అంతా పాకింది, ఎందుకంటే మామూలు మనిషి బతుకుకు అదే సరిపోయింది.

ఈ చిట్టాలను యాంత్రికమని చాలామంది చిన్నచూపు చూస్తారు. వాటిలో ఒక మంచి మాత్రం ఉంది. హత్య చేసిన మతగురువు ప్రవాస కాలం ముగిశాక చనిపోయినవాడి తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి, వారి కొడుకు స్థానంలో సేవ చేయాలని కొలంబానస్ పేరిట ఉన్న పుస్తకం విధించింది. నష్టపోయినవారి ముఖం చూడకుండా ప్రాయశ్చిత్తం పూర్తికాదన్న ఆలోచన అందులో ఉంది. తర్వాతి శతాబ్దాల్లో అది పలచబడింది.

1215లో నాలుగో లాటరన్ మహాసభ, మంచిచెడ్డలు తెలిసే వయసు వచ్చిన ప్రతివారూ ఏడాదికొక్కసారైనా పాపసంకీర్తనం, అంటే గురువు ముందు పాపాల ఒప్పుకోలు, చేయాలని ఆదేశించింది. విన్న రహస్యం బయటపెట్టిన గురువును పదవి నుంచి తొలగించి జీవితాంతం మఠంలో తపస్సుకు పంపాలని శాసించింది. క్షమకు మూలం మనస్తాపమా, గురువు పలికే విడుదల వాక్యమా అన్నది పండితుల చర్చ అయింది. పీటర్ అబెలార్డ్ మనస్తాపాన్నే ప్రధానం చేశాడు. థామస్ అక్వినాస్ మనస్తాపం, ఒప్పుకోలు, పరిహారం, గురువు మాట అన్నిటినీ ఒక్క సంస్కారంలో కలిపాడు.

1517

క్షమ పొందాక కూడా మిగిలే తాత్కాలిక శిక్షను తగ్గించే పాపపరిహార పత్రాలు మధ్యయుగంలో పెరిగాయి. 1476లో నాలుగో సిక్స్టస్ పోపు వాటిని చనిపోయినవారు శుద్ధి పొందే ఉత్తరించు స్థలంలోని ఆత్మలకూ వర్తింపజేశాడు. రోములో సెయింట్ పీటర్ దేవాలయ నిర్మాణానికి డబ్బు కావలసి, పదో లియో పోపు ప్రకటించిన పత్రాలను జర్మనీలో టెట్జెల్ అనే సన్యాసి ప్రచారం చేశాడు. వసూళ్లలో సగం మైన్జ్ ఆర్చ్‌బిషప్ అల్బ్రెక్ట్ ఫ్యూగర్ బ్యాంకర్లకు ఉన్న అప్పు తీర్చడానికి పోయేది. పేదవాళ్లు చనిపోయిన తల్లిదండ్రుల కోసం ఇచ్చిన డబ్బు అది.

1517 అక్టోబరు 31న విటెన్‌బర్గ్ అధ్యాపకుడు మార్టిన్ లూథర్ 95 ప్రతిపాదనలు వెలువరించాడు. విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమేనన్నది మొదటిది. లూథర్ పాపసంకీర్తనాన్ని రద్దు చేయలేదు. 1529 నాటి చిన్న బోధ పుస్తకంలో దానికి చోటిచ్చాడు. పరిహారం చెల్లించి క్షమ కొనుక్కోవాలనే భావననే కొట్టేశాడు. మరో సంస్కర్త కాల్విన్ పశ్చాత్తాపాన్ని విశ్వాసం నుంచి పుట్టే జీవితకాల మార్పుగా వివరించాడు. ఇంగ్లండ్ సంఘం 1552 ప్రార్థన పుస్తకంలో సామూహిక ఒప్పుకోలును చేర్చింది. తెలుగు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల ఆరాధన క్రమాల్లోని ఒప్పుకోలు ఈ పరంపరకు చెందినదే. ట్రెంట్ మహాసభ 1551లో కతోలిక బోధను స్థిరపరిచింది. పరిహార పత్రాల వ్యాపారాన్ని కూడా తర్వాత నిషేధించింది.

తూర్పు సంఘాల్లో న్యాయస్థానపు భాష తక్కువ, వైద్యశాల భాష ఎక్కువ. పాపి క్రీస్తు ప్రతిమ ముందు నిలబడి ఒప్పుకుంటాడు, గురువు సాక్షిగా ఉంటాడు. ఉపవాస కాలానికి ముందు ఆదివారం సంఘస్థులు ఒకరినొకరు వంగి క్షమాపణ అడుగుతారు. కేరళ సిరియన్ సంఘాల్లో ఉపవాసారంభాన జరిగే ‘శుబ్కోనో’ ఆరాధన కూడా ఇలాంటిదే.

తెలుగు నేలపై

తెలుగు ప్రాంతంలో ఈ బోధ కులం, కరువు మధ్య అడుగుపెట్టింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది, ఎక్కువగా మాదిగలు, బాప్తిస్మం పొందారు. నేటి తెలుగు కతోలికులు విభూతి బుధవారం నుంచి తపస్కాలంలో పాపసంకీర్తనానికి వెళ్తారు. ప్రొటెస్టెంట్ సంఘాలు శుభ శుక్రవారాన సిలువ మీది ఏడు మాటల్లో మొదటిదైన క్షమ ప్రార్థనపై ప్రసంగం వింటాయి.

పొరుగునే, 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు కొడుకులను జీపులోనే సజీవదహనం చేశారు. హంతకులను క్షమించానని భార్య గ్లాడిస్ ప్రకటించి, బారిపదలోని కుష్ఠు ఆశ్రమంలో పని కొనసాగించారు. కేసు కోర్టుల్లో నడిచింది. ప్రధాన దోషికి యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది.

ఇటీవలి వాదాలు

జర్మన్ వేదాంతి డీట్రిష్ బోన్‌హోఫర్ 1937లో, పశ్చాత్తాపం అడగని క్షమను చవక కృప అని విమర్శించాడు. 1945లో జర్మన్ ప్రొటెస్టెంట్ నాయకులు స్టుట్‌గార్ట్‌లో నాజీ పాలన నాటి తమ నేరాన్ని ఒప్పుకున్నారు. ఆ ప్రకటనలో యూదుల పేరు ఎత్తలేదు. దక్షిణాఫ్రికాలో జాతివివక్ష పాలన ముగిశాక, ఆర్చ్‌బిషప్ టూటూ అధ్యక్షతన 1996లో సాక్ష్యాలు మొదలుపెట్టిన సత్య, సమాధాన కమిషన్ బాధితులను ముందు మాట్లాడనిచ్చింది. కానీ క్షమాభిక్షకు చట్టం అడిగింది పూర్తి నిజమే తప్ప పశ్చాత్తాపం కాదు. దీన్ని చాలా కుటుంబాలు అంగీకరించలేకపోయాయి.

మతగురువులు పిల్లలపై చేసిన అత్యాచారాలు బయటపడ్డాక వాదం మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చింది. నిందితులకు క్షమ దొరికింది, పదవి దొరికింది. పిల్లలకు మాత్రం మౌనంగా ఉండమని చెప్పారు. ఇళ్లలో దెబ్బలు తినే స్త్రీలకూ క్షమించమనే బోధను ఇలాగే అంటగడుతున్నారని స్త్రీవాద వేదాంతులు చూపించారు. వారి మాట సరైనదే. క్షమ బాధితుల నుంచి బలవంతంగా రాబట్టేది కాదు. 2010 మార్చిలో ఐర్లండ్ కతోలికులకు రాసిన లేఖలో పదహారో బెనెడిక్ట్ పోపు, ఆ గురువులు దేవునికే కాక న్యాయస్థానాలకూ జవాబు చెప్పాలని స్పష్టం చేశాడు.