సహకార సిద్ధాంతము – ఎమ్మిగనూరు మగ్గము

లోకమును కదలించిన సిద్ధాంతములన్నియు గ్రంథములలోనే పుట్టలేదు. కొన్ని ఆకలిలో పుట్టెను. సహకారము అట్టిది.

1844లో ఇంగ్లాండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది పనివారు చిన్న అంగడి తెరచిరి. వారిలో పలువురు నేతవారు. సరియైన తూకము, రొక్కపు బేరము, వాటాలెన్ని యున్నను మనిషికి ఒకే ఓటు: ఇవి వారి నియమములు. జర్మనీలో రైఫైజెన్ అను భక్తిపరుడు 1846-47 కరవులో బీదలకు రొట్టె సమకూర్చెను. పిమ్మట రైతులు ఒకరికొకరు పూచీపడు అప్పు సంఘములను స్థాపించెను. మద్రాసు ప్రభుత్వోద్యోగి ఫ్రెడరిక్ నికల్సన్ 1895లో ఆ పద్ధతినే మన దేశమునకు సిఫారసు చేసెను. 1904 చట్టము అప్పు సంఘములకు, 1912 చట్టము తక్కిన సంఘములకు త్రోవ తీసెను.

ఆదోని ప్రాంతపు నల్లరేగడిలో ప్రత్తి విరివిగా పండినను నేతగాని యింట లేమి పోలేదు. నూలు అప్పిచ్చిన సావుకారే బట్టకు ధర కట్టుచుండెను. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘము వెలసెను. నూలు తెచ్చుట, బట్ట అమ్ముట సంఘము వంతు; నేయుట సభ్యుని వంతు. ఒంటరిగా బేరమాడలేనివాడు నలుగురితో కలిసి బేరమాడగలిగెను.

సంఘమను మాట మనకు క్రొత్త కాదు. ఏ సంఘమైనను సొమ్ము లేక చెడుటకంటె నమ్మకము లేక చెడుట ఎక్కువ. లెక్క చూపనివాడు దానిని ఎంత చెరుపునో, లెక్క అడుగనివాడును అంతే చెరుపును. ఒకే ఓటు ఇచ్చిన సిద్ధాంతము ఒక బాధ్యతను కూడ ఇచ్చినది. కాబట్టి మీ ఊరి సంఘము సభ కూడినప్పుడు అప్పు కొరకే కాక, లెక్క వినుటకును వెళ్లుడి.