పుట్టింటి పేరు కోసం

వంశవృక్షం గీయమంటే మన ఇళ్ళల్లో కాగితం మీదికి దిగేది మగవాళ్ళ వరసే. తాత, ముత్తాత, ఆయన తండ్రి. అందరిదీ ఒకటే ఇంటిపేరు. కోడళ్ళు ఎక్కడినుంచో వచ్చి ఆ చెట్టుకి అతుక్కుంటారు. కూతుళ్ళు పెళ్ళితో మాయమవుతారు. మైలవరంలో ఒక క్రైస్తవ కుటుంబపు అమ్మాయి తన అమ్మమ్మ వాళ్ళమ్మ పుట్టిల్లు ఏదో తెలుసుకోవాలంటే ఏ కాగితాలు తిరగెయ్యాలి?

మొదట తోచేవి జనాభా లెక్కలు. 1871 నాటి మద్రాసు ప్రెసిడెన్సీ లెక్కల్లో కృష్ణా జిల్లా కులాలు, మతాలు అంకెలుగా దొరుకుతాయి. మనుషులు దొరకరు. అంకెలు తీశాక ఇంటింటి పత్రాలు దాచలేదు. పైగా ఇంటి ఆడవాళ్ళ పేరు చెప్పడానికి అభ్యంతరముంటే ‘స్త్రీ’ అని రాసుకోమని బ్రిటిషు కాలపు లెక్కల సూచనలే చెప్పాయి. ఇంగ్లండులో 1921 నాటి ఇంటింటి వివరాలు 2022లో ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. మన 1948 జనాభా లెక్కల చట్టం మాత్రం ఆ పత్రాలు చూసే హక్కు ఎవరికీ ఇవ్వలేదు.

ఇక మిగిలింది చర్చి రిజిస్టరు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ పని మొదలుపెట్టారు. 1859లో రాఘవాపురం మాలపెద్ద పగోలు వెంకయ్య బాప్తిస్మంతో ఆ మతం పల్లెల్లో దళితుల మతమయింది. ఆంగ్లికన్ బాప్తిస్మపు రిజిస్టరులో తల్లి పేరుంటుంది. కానీ తల్లిదండ్రులిద్దరికీ కలిపి ఇంటిపేరు గడి ఒకటే. వృత్తి గడి తండ్రికే. తండ్రితో సమానంగా నాట్లు వేసి, కలుపు తీసిన తల్లికి వృత్తి లేనట్టే! మతం మారినప్పుడు పాత పేరూ పోయి, ఊరినిండా మరియమ్మలు, రూతమ్మలు, సారమ్మలే మిగిలారు. ఏ మరియమ్మ ఎవరి కూతురు?

విచిత్రంగా జవాబు పెళ్ళి రిజిస్టరులో ఉంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం వధువు తండ్రి పేరు, ఇంటిపేరు అడిగింది. తల్లి పేరు అడగలేదు. అంటే స్త్రీ పుట్టిల్లు తెలియాలన్నా దారి తండ్రి పేరు మీదుగానే.

కతోలికుల కాగితాలు కొంచెం వేరు. 1917 నాటి వాళ్ళ చర్చి చట్టం ప్రకారం జ్ఞానస్నానపు పుస్తకంలో జ్ఞానతల్లిదండ్రుల పేర్లూ రాయాలి. పెళ్ళికాని తల్లి బిడ్డ అయితే, ఆమే తల్లి అని అందరికీ తెలిసినా, ఆమె కోరినా ఆమె పేరు రాయాలి. తండ్రి పేరు అతను తనంత తాను ఒప్పుకుంటేనో, అధికారిక పత్రం ఉంటేనో రాస్తారు. మేనరికం పెళ్ళికి చర్చి ప్రత్యేక అనుమతి కావాలి. అనుమతి అడగాలంటే వధూవరుల చుట్టరికం విడమరచి చెప్పాలి. అప్పుడు మేనమామ, అతని అక్కచెల్లెలు, వాళ్ళ పుట్టిల్లు బయటికొస్తాయి. మేనమామ కొడుకుని చేసుకున్న పిల్ల అత్తింటి పేరే ఆమె తల్లి పుట్టింటి పేరు. మేనరికాన్ని నేను సమర్థించడం లేదు. అది వదిలిన జాడని చదవమంటున్నాను.

అయితే ఈ పుస్తకాలు తెరవడం అందరికీ ఒకే రకమైన పని కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకి షెడ్యూల్డు కులం హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని ఆ హోదాలో చేర్చారు గానీ క్రైస్తవులని చేర్చలేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన పుదుచ్చేరి మహిళ కేసులో, ఆమె పసిబిడ్డగా పొందిన జ్ఞానస్నానం ఆమెకే ఎదురు సాక్ష్యమయింది. పూర్వికురాలిని వెతికే దారే బతికున్న మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టగలదు. చాలా దళిత కుటుంబాల మౌనం మరుపు కాదు, జాగ్రత్త.

కాబట్టి పరిశోధకులం రిజిస్టరు దగ్గరికి పరిగెత్తే ముందు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఎవరికి ఎవరు పురుడు పోశారు, ఏ మేనత్త ఏ ఊరు వెళ్ళింది, పండక్కి చీర ఏ ఇంటినుంచి వచ్చేది అని అడగాలి. ఆ మాటలు రాసుకోవచ్చా, అచ్చు వెయ్యవచ్చా అని కూడా అడగాలి. మనం గీసే చెట్టులో ప్రతి స్త్రీ పేరు పక్కనా పుట్టింటి పేరు ఉండాలి. ఆ చెట్టుని ఎవరికి చూపించాలో మాత్రం ఆ ఇంటివాళ్ళే నిర్ణయించుకోవాలి.