హార్డ్ డ్రైవ్ బ్యాకప్

కంప్యూటర్ ప్రధాన డ్రైవ్‌లో ఉన్న సమాచారానికి మరో డ్రైవ్‌లో నకలు తీసి దాచుకోవడాన్ని హార్డ్ డ్రైవ్ బ్యాకప్ అంటారు. డ్రైవ్ చెడిపోయినా, ఫైళ్లు పొరపాటున చెరిగిపోయినా, కంప్యూటర్ దొంగల పాలైనా ఈ నకలు నుంచి సమాచారాన్ని తిరిగి పొందవచ్చు.

అవసరం

హార్డ్ డ్రైవ్‌లో అయస్కాంత పూత ఉన్న డిస్కులు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. చదివి రాసే హెడ్ వాటికి అతి దగ్గరగా, తాకకుండా కదులుతుంది. కుదుపుకు అది డిస్కును తాకితే పూత గీసుకుపోతుంది. ఆ చోట ఉన్న సమాచారం మళ్లీ దొరకదు. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలకు ఈ బెడద లేదు. కానీ వాటి మెమరీ కణాలపై రాయగలిగే సార్లకు పరిమితి ఉంది. వాటిని నడిపే కంట్రోలర్ చిప్ పాడైతే ముందుగా ఏ సూచనా లేకుండానే అవి ఆగిపోవచ్చు.

పద్ధతులు

ఫైల్ బ్యాకప్‌లో పత్రాలు, ఫొటోల వంటివి మాత్రమే నకలవుతాయి. మొదటిసారి అన్నిటినీ, తర్వాత మారినవాటినే నకలు తీస్తే సమయం, చోటు కలిసివస్తాయి. 2007లో మ్యాక్‌కు వచ్చిన టైమ్ మెషీన్, 2012లో విండోస్ 8తో వచ్చిన ఫైల్ హిస్టరీ మారిన ఫైళ్లను గంటకోసారి దాస్తూ పాత ప్రతులను కూడా ఉంచుతాయి.

ఇమేజ్ పద్ధతిలో ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా డ్రైవ్ మొత్తానికి నకలు ఒకే పెద్ద ఫైల్‌గా తయారవుతుంది. క్లోనింగ్‌లో రెండో డ్రైవ్ మొదటిదానికి జంటగా తయారవుతుంది. దాన్ని బిగించి కంప్యూటర్‌ను నేరుగా నడపవచ్చు. క్లోనింగ్ మొదలుపెడితే రెండో డ్రైవ్‌లో అంతకుముందున్నది పోతుంది కనుక ఏది మూలమో, ఏది గమ్యమో ముందే సరిచూసుకోవాలి.

పరిమితులు

రెండు డ్రైవ్‌లలో ఒకేసారి రాసే రెయిడ్ 1 ఏర్పాటు బ్యాకప్‌కు బదులు కాదు. ఒకదాంట్లో చెరిపిన ఫైల్ అదే క్షణంలో రెండోదాంట్లోనూ చెరిగిపోతుంది. ఎప్పుడూ తగిలించి ఉంచిన డ్రైవ్‌కూ ముప్పుంది. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్నిటితో సహా ప్రపంచమంతటా యంత్రాలకు సోకిన వానాక్రై అనే హానికర ప్రోగ్రామ్, వాటికి తగిలించి ఉన్న డ్రైవ్‌లలోని ఫైళ్లకు కూడా తాళం వేయగలిగేది. అందువల్ల పని ముగియగానే బ్యాకప్ డ్రైవ్‌ను విడదీయాలి.

మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి వేరే చోట అనేది నిపుణులు చెప్పే 3-2-1 సూత్రం. 1998లో పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు పొరపాటున చెరిగిపోయాయి. తీరా చూస్తే బ్యాకప్ సరిగా పనిచేయడం లేదని తేలింది. సాంకేతిక బృందంలోని ఒక ఉద్యోగిని ఇంట్లో ఉన్న నకలే ఆ చిత్రాన్ని గట్టెక్కించింది. నకలు తీశామని ఊరుకోకుండా, అప్పుడప్పుడూ దాని నుంచి కొన్ని ఫైళ్లను వెనక్కి తెచ్చి, తెరిచి చూసుకోవడం కూడా బ్యాకప్‌లో భాగమే.