పడకబట్టకు సుంకమెంత?



పైజామా అన్నమాట మన దేశం నుంచే దొరల ఇళ్ళకు వెళ్ళింది. పారసీకంలో 'పాయ్' అంటే కాలు, 'జామా' అంటే వస్త్రం. ఇక్కడ అది పగటివేళ తొడుక్కునే బట్ట. ఇంగ్లీషువారు దాన్ని తమ దేశం తీసుకుపోయి పడకబట్టగా మార్చుకున్నారు. చూశారా, ఒకరి పగటిబట్ట ఇంకొకరికి రాత్రిబట్ట అయింది. సరిగ్గా ఈ తికమకే తర్వాత కస్టమ్స్ వారి నెత్తిన పడింది.

రేవులో దిగిన ప్రతి సరుకునూ కస్టమ్స్ అధికారి ఏదో ఒక పద్దులో వేయాలి. పద్దు మారితే సుంకం మారవచ్చు. సుంకం ఒక్కటే అయితే ఇంత గొడవ ఉండేది కాదేమో. 1974లో వచ్చిన మల్టీ ఫైబర్ ఒప్పందం కింద అమెరికా, యూరప్ దేశాలు మనవంటి దేశాల నుంచి వచ్చే బట్టలకు కోటాలు పెట్టాయి. ఆ కోటాలు పూర్తిగా పోయింది 2004 ఆఖరుకే. రాత్రి దుస్తులకు ఒక లెక్క, గౌన్లకు ఒక లెక్క, చొక్కాలకు మరో లెక్క. ఒక కోటా నిండిందంటే ఆ సరుకు ఆగవలసిందే. అందుకే వర్తకుడు "ఇది పడుకునేటప్పటి బట్టండీ" అంటే, అధికారి "కాదు, వీధిలోకి వేసుకునేది" అనేవాడు. అలా ఆగిన మూటల వెనుక ఎక్కడో కుట్టుమిషన్ ముందు కూర్చున్న ఆడవాళ్ళ కూలి కూడా ఉంటుంది గదా!

ఈ తగవు 1985లో అమెరికా అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానానికి వెళ్ళింది. మాస్ట్ ఇండస్ట్రీస్ అనే సంస్థ తెచ్చిన కేసు అది. న్యాయస్థానం నిఘంటువులు తిరగేసింది. రాత్రి దుస్తులంటే పడకకు వేసుకునేవని వాటిలో ఉంది. ఆ బట్టను దేనికోసం తయారు చేశారు, దేనికి వాడతారు అని చూసి, అది రాత్రి దుస్తేనని తేల్చింది.

యూరప్‌లోనూ ఇదే కథ. జర్మనీలో నెకర్‌మన్ సంస్థ దిగుమతి చేసిన పైజామా జతల మీద పేచీ వచ్చి, లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం దాకా పోయింది. 1994లో తీర్పు వచ్చింది. పడకమీద తప్ప మరెక్కడా వేసుకోకూడనిదే పైజామా అనక్కరలేదు, ముఖ్యంగా పడక కోసమైతే చాలునన్నారు. 1997లో వీనర్ అనే సంస్థ కేసులో నైట్ గౌనుకూ ఇదే కొలత పెట్టారు. బట్ట లక్షణాలను బట్టే అది తెలియాలన్నారు.

1988 నుంచి చాలా దేశాలు ఒకే రకం పద్దుల పట్టిక వాడుతున్నాయి. మన దేశంలోనూ అదే పద్ధతి. ఆడవారి నైట్ గౌను, పైజామా బనియను గుడ్డలాగా అల్లినదైతే 6108, మగ్గం మీద నేసినదైతే 6208. ఇంకో తమాషా వినండి. ముందువైపు ఎడమ అంచు కుడి అంచు మీదికి వస్తే అది మగవారి బట్ట. కుడిది ఎడమ మీదికి వస్తే ఆడవారిది. ఎవరిదో ఎటూ తేలకపోతే? ఆడవారి పద్దులోకే!

ఇక మన నైటీ సంగతి. పేరులో రాత్రి ఉందేగాని, దానితోనే పాలు కాస్తాం, పిల్లల్ని బడికి పంపుతాం, పైన చున్నీ వేసుకుని కూరలబండి దగ్గర బేరమూ ఆడతాం. కుట్టుబడి చూసి సుంకాలవారు దాన్ని పడకబట్ట అనవచ్చు. పొద్దుటినుంచి దానిలో పడే చాకిరీకి మాత్రం ఏ పట్టికలోనూ పద్దు లేదు. ఆ లెక్క ఇంట్లోవాళ్ళకైనా తెలియాలి. అది మనమే చెప్పాలి సుమండీ!