రోగనిరోధక కణాల్లో జింక్

పెద్దవాళ్ల ఒంట్లోని జింక్ అంతా కలిపినా రెండు మూడు గ్రాములే. ఇనుముకు ఉన్నట్టు దీనికి పెద్ద నిల్వ లేదు. తిండిలో తగ్గితే ఆ లోటు త్వరగా బయటపడుతుంది, వేగంగా విభజన చెందే రోగనిరోధక కణాల్లో మరీను.

ముఖ్యంగా దెబ్బతినేవి టి కణాలు. అవి పరిపక్వమయ్యేది ఛాతీలోని థైమస్ గ్రంథిలో. అక్కడ తయారయ్యే థైములిన్ హార్మోను జింక్ తోడు లేనిదే పనిచేయదు. జింక్ లోపం ముదిరితే ఆ గ్రంథే కుంచించుకుపోతుంది. టి కణం లోపలికి సంకేతం పంపే ఎల్‌సీకే ఎంజైమును సీడీ4, సీడీ8 గ్రాహకాలకు బిగించి ఉంచేదీ ఒక జింక్ అయానే, చొక్కాకు గుండీలాగా.

సూక్ష్మజీవులను మింగే కణాలు జింక్‌ను ఆయుధంగా వాడే తీరు మరీ చిత్రం. న్యూట్రోఫిల్ కణద్రవంలోని ప్రొటీనులో సుమారు సగం కాల్‌ప్రొటెక్టినే. అది జింక్‌ను, మాంగనీసును లాగేసుకుని క్రిములను పస్తు పెడుతుంది. మాక్రోఫేజ్‌లది తలకిందుల పద్ధతి: మింగిన క్షయ బాక్టీరియా మీద జింక్‌ను విషమయ్యేంతగా కుమ్మరిస్తాయి.

మనుషుల్లో జింక్ లోపాన్ని 1960ల తొలినాళ్లలో ఇరాన్, ఈజిప్టులలో ఆనంద ప్రసాద్ బృందం గుర్తించింది. పిల్లల విరేచనాలకు ఓఆర్‌ఎస్‌తో పాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇవ్వాలని 2004లో డబ్ల్యూహెచ్‌వో, యూనిసెఫ్ సూచించాయి. అప్పట్లో చెప్పిన మోతాదు రోజుకు 20 మి.గ్రా., ఆరు నెలల లోపువారికి 10. అలాగని పెద్దలు నెలల తరబడి జింక్ బిళ్లలు మింగడం మంచిది కాదు. అతిగా చేరితే రాగి ఒంటబట్టదు, దాంతో న్యూట్రోఫిల్సే తగ్గిపోతాయి.