తోపుల సాంచా నుండి మిలిటరీ లారీ వరకు

యుద్ధము ముగిసిన వెనుక యుద్ధసామగ్రి యేమగును? చరిత్రకారులు తరచుగా వేయు ప్రశ్న కాదిది. రాజులు గెలిచిన తేదులును, సంధిపత్రముల షరతులును మన పుస్తకములలో నుండును గాని, ఆ యుద్ధమును మోసిన బండ్లు పిమ్మట నెవరి పాలైనవో, వానివలన నెవరు జీవించిరో చెప్పు పుటలు మిక్కిలి యరుదు. హైదరాబాదులో ఆబిడ్స్, నాంపల్లి వీథులలో కన్నులు విప్పి నడచువారి కీ ప్రశ్న అడుగడుగునను ఎదురగును. కావున ఆ వీథులనే యాధారముగా గొని యీ విషయమును గొంత విచారింతము.

ఆబిడ్స్ అను పేరు ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాన్ కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అనువాని దుకాణమును బట్టి వచ్చినది. దానికి కూతవేటు దూరమున గన్‌ఫౌండ్రీ యున్నది. జనులు దానిని తోప్ కా సాంచా యనిరి. నిజాము సేవలో నుండిన ఫ్రెంచి సేనాని రేమండు 1786లో అచట ఫిరంగులను పోతపోయు కర్మాగారమును నెలకొల్పెను. 1798లో ఆతడు మరణించెను. ఆ యేటనే అక్టోబరు నెలలో ఆంగ్లేయులు ఫ్రెంచి పటాలములను నిరాయుధములను గావించిరి. నేడా కర్మాగారపు గోడలు ఇండ్ల నడుమ దాగి శిథిలములై యున్నవి. పేరు మాత్రము పేటకు మిగిలినది. కోఠీ వైపునకు నడచినచో ట్రూప్ బజారు వచ్చును. దాని పేరు సేనలను స్మరింపజేయును. అచట నమ్మునవి యింటి దీపములును, కుళాయిలును.

ఫిరంగికి శాంతికాలమున పని లేదు. దానిని కరగించుటయో, కోటగుమ్మమున నలంకారముగా నుంచుటయో తప్ప వేఱు గతి లేదు. లారీ యట్లు కాదు. నిన్న గుండ్లను మోసిన బండి నేడు ధాన్యమును మోయగలదు. ఈ గుణమువలననే మోటారుబండి యుద్ధమునకును గృహస్థజీవనమునకును నడుమ వంతెన యయ్యెను. మొదటి ప్రపంచయుద్ధము ముగిసినపుడే యీ సంగతి తెల్లమైనది. ఇంగ్లండులో స్లౌ అను నూర యుద్ధవాహనములను బాగుచేయుటకు ప్రభుత్వము నెలకొల్పిన పెద్ద స్థలమును 1920లో నొక ప్రయివేటు కంపెనీ కొని, పాత లారీలను సరిచేసి విక్రయించెను. ఆ స్థలమే పిమ్మట కర్మాగారముల పేటగా వర్ధిల్లినది.

రెండవ ప్రపంచయుద్ధమునందు వాహనముల లెక్క మనసున కందదు. అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలసి సుమారు 6,40,000 జీపులను తయారుచేసెను. రెండున్నర టన్నుల జి.ఎం.సి. లారీలు అయిదు లక్షలకు పైబడినవి. కెనడా యొక్కటే సుమారు 8 లక్షల మిలిటరీ వాహనములను నిర్మించెను. మన దేశపు తూర్పు కొసను, అస్సాములోని లేడో నుండి బర్మా మీదుగా చైనాలోని కున్మింగు వరకు వేసిన బాటపై మొదటి లారీల వరుస 1945 ఫిబ్రవరిలో గమ్యము చేరెను. ఆరు నెలలు గడచి యుద్ధము ముగియుటతో నీ బండ్లలో వేలకొలది మన దేశముననే నిలిచిపోయెను. 1946లో నమెరికా ప్రభుత్వముతో జరిగిన యొడంబడిక వలన వారి మిగులు సామగ్రి భారత ప్రభుత్వపు వశమయ్యెను. ఇదియే జనుల నోట “డిస్పోజల్సు సరకు” అయినది.

నాటి స్థితిని జ్ఞప్తికి దెచ్చుకొనుడు. యుద్ధకాలమున పెట్రోలు కఱవై బస్సులు బొగ్గుల పొయ్యి తగిలించుకొని, యెత్తులెక్కలేక, ప్రయాణికులను దిగి నడువుమనుచు నడచినవి. క్రొత్త లారీ దొరకుట దుర్లభము. అట్టి కాలమున డిస్పోజల్సు లారీ యొక వరమయ్యెను. వడ్రంగి దాని వెనుకభాగమున కొయ్యతొట్టి నమర్చును. కమ్మరి పట్టీల దిట్టపఱచును. ఆకుపచ్చరంగుపై ఎఱ్ఱరంగు పడును. ముందు దేవుని పేరు వ్రాయబడును. హైదరాబాదు సంస్థానమున మోటారువిద్య యంతకు ముందే నాటుకొనియుండెను. నిజాము ప్రభుత్వ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932 జూనులో 27 బస్సులతోను, 166 మంది యుద్యోగులతోను బయలుదేరెను. గ్లాస్గోలోని ఆల్బియన్ కంపెనీవారి నాటి బస్సులలో నొకటి, “డెక్కన్ క్వీన్” అనునది, మరల బాగుచేయబడి నేటికిని భద్రముగా నున్నది. 1942లో స్థాపింపబడిన ఆల్విన్ కర్మాగారము పిమ్మట బస్సుల తొట్లను నిర్మించుటలో బేరుగాంచెను. పానా పట్టిన చేతులు మన నగరమున కొఱవడలేదు.

అయినను ఈ బండ్ల చరిత్ర యంతయు వరముల చరిత్ర యని చెప్పుట యసత్యము. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసేనలు సంస్థానమున ప్రవేశించెను. షోలాపూరు వైపు నుండి మేజర్ జనరల్ చౌధురి నడపిన దళము ముఖ్యమైనది. బెజవాడ వైపు నుండి మఱియొకటి వచ్చెను. ప్రపంచయుద్ధమున మిగిలిన టాంకులును, జీపులును, లారీలునే యీ దండయాత్రను మోసినవి. 17వ తేదీ సాయంకాలమునకు పోరు నిలిచెను. మఱునాడు సంస్థాన సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయెను. రజాకార్ల దౌర్జన్యములచే నలిగిన పల్లెలకు నీ లారీల రాక విమోచనముగా దోచెను. కాని యా దినములందును, వాని వెంటనే వచ్చిన వారములందును ముస్లిములపై ఘోరమైన హింస జరిగెను. పండిత సుందరలాల్ అధ్యక్షతన ప్రభుత్వము పంపిన సంఘము 27,000 మొదలు 40,000 మంది వరకు చనిపోయిరని యంచనా వేసెను. ఆ నివేదిక బహుకాలము మూలబడియుండి 2013లో గాని జనులకు లభింపలేదు. ఒకే విధమైన లారీ చప్పుడు ఒక యింట దీపము వెలిగించెను. వేఱొక యింట తలుపులు మూయించెను. ఈ రెండును జరిగినవే. ఒకదానిని చెప్పి మఱొకదానిని దాచుట చరిత్ర కాదు.

ఆబిడ్సునకు సమీపముననే యున్న కింగుకోఠీని గూర్చి యొక కథ ప్రచారములో నున్నది. ఏడవ నిజాము తోటలో బంగారు కడ్డీలతో నిండిన లారీలు కదలక నిలిచి, బరువుచే చక్రములు నేలలో దిగబడెనట! ఇందు నిజమెంతయో యటుంచుడు. కదలని బండి నేలపాలగునను నీతి మాత్రము ప్రతి మెకానిక్కునకును తెలిసినదే.

ఇప్పటి కాలమున ఈ బండ్లను జీవనమునకై గాక కేవలము వేడుకకై కొని పోషించువారు బయలుదేరిరి. ఐరోపాలో ప్రతి జూను నెలయందును నార్మండీ తీరమున నట్టివారు తమ జీపులతో గూడుదురు. మన దేశమున ప్రపంచయుద్ధపు జీపులేకాక, జబల్పూరులో 1959 నుండి తయారైన శక్తిమాన్ లారీలును, 1969 నుండి తయారైన జోంగాలును సైన్యపు సేవ ముగించుకొని వేలములకు వచ్చినవి. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడని ద్విచక్ర చతుశ్చక్ర వాహనములను పురాతన వాహనములుగా నమోదు చేయించుకొనవచ్చును. మొదటి రుసుము 20,000 రూపాయలు. నిత్యము తిరుగుటకుగాని కిరాయికిగాని వానిని వాడరాదు.

కొనుట సులభము, పోషించుట కష్టము. జీపు ఇంజను నాలుగు సిలిండర్లది, అరువది గుఱ్ఱముల బలముది. దాని విద్యుచ్ఛక్తి ఆరు వోల్టులే. మూలనుంచినచో పెట్రోలు బంకయై కార్బ్యురేటరును మూసివేయును. టాంకు లోపల తుప్పు పట్టును. బ్రేకు సిలిండర్లలోని రబ్బరు గిన్నెలు ఎండి పగులును. కావున పక్షమున కొకసారియైనను నడపవలెను. నాటి పెద్ద లారీలలో గేరు మార్చుటకు క్లచ్చిని రెండుమారులు త్రొక్కి, ఇంజను వేగమును చెవితో కొలువవలెను. ఈ విద్య పుస్తకమున లేదు. ఆదివారము ఆబిడ్స్ కాలిబాటపై పఱచెడి పాత పుస్తకములలో మే మొక మోటారు గ్రంథమును జూచితిమి. బొమ్మలన్నియు స్పష్టముగానే యున్నవి. కాని ఏ శబ్దము వచ్చినపుడు ఏ మర నెంత బిగింపవలెనో యది ముసలి మిస్త్రీ చెవికే తెలియును. ఆ చెవి మూతపడిన నాడు బండి ఇనుపగుట్ట యగును.

ఈ వేడుకపై రెండాక్షేపణలు గలవు. ధనవంతుల విలాసమనునది మొదటిది. బండిని కొని, పనివానిచే తుడిపించి, పెండ్లిండ్లకు దాని ముందు నిలిచి ఫోటో తీయించుకొనువాని విషయమున నీ యాక్షేపణ న్యాయమే. కాని తన చేతులకు గ్రీజు నంటించుకొని, కుమారులకును కుమార్తెలకును పానా పట్ట నేర్పి, మిస్త్రీని గురువుగా కూర్చుండబెట్టువానిని మేము విలాసి యనజాలము. చేతిపనిని నీచమని యెంచు మన చదువులకు ఇంతకంటె మంచి మందు లేదు. యుద్ధమును పూజించుట యనునది రెండవ యాక్షేపణ. బండికి రంగు వేసి, అది మోసిన బరువును మఱచినచో నిదియు న్యాయమే. అందువలన ప్రతి బండితోడను దాని కథ నుంచవలెను: అది యెచట పుట్టినది, ఏ సేనతో నడచినది, ఎవరికి అన్నము తెచ్చినది, ఎవరికి భయము తెచ్చినది, దానిని చెడకుండ కాపాడిన మిస్త్రీ యెవడు.

డిస్పోజల్సు సరకు దేశమున పఱచుకొనిన ఆ 1946వ సంవత్సరముననే, పబ్లిక్ గార్డెన్సులో 1938లో పుట్టిన నుమాయిష్ నాంపల్లి మైదానమునకు తరలివచ్చెను. ప్రతి జనవరియందును అచటికి లక్షలాది జనులు గాజులకును, శాలువలకును, మిఠాయిలకును వత్తురు. ఆ మైదానమున నొక మూల నొక పాత లారీని నిలిపి, దాని కథను తెలుగునను ఉర్దూనను వ్రాసి, ప్రక్కను దాని మిస్త్రీని కూర్చుండబెట్టి పిల్లల ప్రశ్నలకు సమాధానము చెప్పించినచో నెంత బాగుండును! తోపుల సాంచాలో ఫిరంగిని పోతపోసిన చేతుల పేళ్లలో నొక్కటియు మనకు మిగులలేదు. లారీని బ్రతికించిన చేతులు ఇంకను మన నడుమ నున్నవి. అవి యుండగనే యడిగి వ్రాసికొనుట మన విధి.